పని చేయుటకు ఇష్టం లేదు

సత్యవ్వ కాగితాన్ని పంచాయతీ ఆఫీసు బల్ల మీద పెట్టి, ముడతలు పోయేదాకా అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది. తర్వాత చూపుడువేలు ఒక వరుస కింద ఆనించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది.

"ప... ని... పని. చే... యు... ట... కు. ఇష్టం. లే... దు."

చదవడం అయిపోయాక కూడా వేలు తీయలేదు. తలెత్తి బల్లకు అవతల కూర్చున్న రాజేందర్ ముఖంలోకి చూసింది.

"గిది నా పేరు ముంగటనే ఉన్నది గదా, రాజేందరూ?"

రాజేందర్ ఆ ఊరికి ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు. ఊళ్లో ఎవరికి పని కావాలో రాసుకోవడం, పనికి వచ్చినవాళ్లకు హాజరు వేయడం, జాబ్ కార్డుల జాబితా చూసుకోవడం అతని ఉద్యోగం. కోరుట్ల నెట్ సెంటర్లో ఆమె తీయించుకొచ్చిన ఆ కాగితాన్ని అతను చదవనక్కర్లేదు. తీసేసిన పేర్ల జాబితా అది. ఒక్కో పేరు ఎదురుగా తీసేసిన కారణం ఉంది.

"సర్వర్ల గట్ల అచ్చింది చిన్నమ్మా. పైనుంచి అందరి కార్డులు చెక్ జేసిండ్రు."

"సర్వర్ మా ఇంటికి అచ్చిందా?"

రాజేందర్ ముందున్న రిజిస్టరు తెరిచి మళ్లీ మూశాడు.

"నాకు ఇష్టం లేదని ఎవలు జెప్పిండ్రు? నేనైతే జెప్పలే. మీ చిన్నాయిన జెప్పిండా అంటే, ఆయనకు దగ్గుకే తీరుతలేదాయె."

చిన్నాయిన అంటే ఆమె భర్త సాయిలు. సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, ఇరవై ఏళ్లు నేసి, ఊపిరి ఆడక ఊరికి చేరినవాడు. ఇప్పుడు ఆ ఇంట్లో పనికి పోగలిగినవి సత్యవ్వ చేతులు రెండే.

ఆమె అడిగినదానికి జవాబు రాజేందర్‌కు తెలుసు. చలికాలంలో జాబితాలు శుభ్రం చేయమని ఆదేశం వచ్చినప్పుడు అతను ఇల్లిల్లూ తిరిగాడు. సత్యవ్వ ఇంటికి తాళం ఉంది. భర్తను వెంటబెట్టుకొని కూతురి కాన్పుకు సిరిసిల్ల పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు కూడా. సాయంత్రంలోగా లెక్క పంపాలి. ఫోన్ తెరమీద నాలుగు కారణాలు ఉన్నాయి. చనిపోయారంటే సర్టిఫికెట్ పెట్టాలి. ఊరు విడిచారంటే పంచాయతీ తీర్మానం పెట్టాలి. రెండు కార్డులున్నాయంటే రెండో నంబరు చూపాలి. పని చేయుటకు ఇష్టం లేదన్న నాలుగో కారణానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. ఆ రోజు తాళం ఉన్న ఇళ్లు పంతొమ్మిది. అతని బొటనవేలు పంతొమ్మిది సార్లు ఆ నాలుగోదాన్నే నొక్కింది.

"కొత్తగ దరఖాస్తు పెట్టు చిన్నమ్మా. ఇరవై రోజులల్ల అయితది."

"ఇరవై రోజులకు వానలు పడ్తయి. అప్పుడు కర్వుపని, గీ మన్ను తవ్వే పని, ఎక్కడిది?"

అయినా కాగితం అడిగి తీసుకుంది. నింపింది. సంతకం పెట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. ఇచ్చాక కదలకుండా నిలబడింది.

"నేను పని అడిగినట్టు నాకో చిట్టీ రాసియ్యి."

అతను చిట్టీ రాసి తేదీ వేసి ఇచ్చాడు. దాన్ని కూడా ఆమె మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది.

మర్నాడు మంగళవారం. ఊరికి పడమట గుట్ట కింద కందకాలు తవ్వే పని నడుస్తోంది. వానాకాలం గుట్ట మీంచి దిగే నీళ్లు ఊరికే పోకుండా వాలుకు అడ్డంగా వరుసగా గుంతలు తీయాలి. ఎండ ముదరకముందే పని కావాలని ఆరింటికే జనం చేరారు. మస్టర్ మీద, అంటే ఆ వారం హాజరు పట్టీలో, ఇరవై మూడు పేర్లు. రాజేందర్ బండి దిగేసరికి వరుస చివర ఇరవై నాలుగో మనిషి కనబడింది.

సత్యవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపి, తలకు తువ్వాల చుట్టుకొని, ఇంటినుంచి కొలత పెట్టి నరుక్కొచ్చిన కర్రను నేలమీద పొడుగ్గా, అడ్డంగా పరిచి గీతలు గీస్తోంది. ఆ గీతల మధ్య నేల మాత్రం నల్లగా తడిగా ఉంది. ముందురోజు సాయంత్రమే వచ్చి నాలుగు బిందెలు పోసి నానబెట్టి పోయిందట. మిగతావాళ్ల గడ్డపారలు ఎండిన మొరం మీద ఖంగుమని ఎగిరిపడుతుంటే ఆమెది మెత్తగా దిగుతోంది.

"చిన్నమ్మా, మస్టర్ల నీ పేరు లేదు. చేసినా కూలి రాదు."

"నేను కూలి అడిగిన్నా?"

"మరి ఎందుకు గీ కష్టం?"

సత్యవ్వ గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. గొంతులో కోపం లేదు. పక్కింటివాళ్లకు దారి చెబుతున్నట్టు చెప్పింది.

"పని లేదంటే ఇంట్ల కూసుందును. వయసు మీరిందంటే గది గూడ ఇని ఊకుందును. ఇష్టం లేదని రాసిండ్రు. పదిహేనేండ్ల సంది గీ గుట్ట కింద తవ్విన. ఇష్టం ఉన్నదో లేదో నోటితోని ఎట్ల జెప్పాలె? తవ్వుతున్న, సూడుండ్రి."

హాజరు ఫోటో తీసే వేళైంది. మస్టర్ మీద ఉన్నవాళ్లంతా ఒకచోట నిలబడితే ఫోన్‌లో ఫోటో తీసి అక్కడికక్కడే పైకి పంపాలి. తలలు పేర్లతో సరిపోవాలి. ఎలా చెప్పాలా అని రాజేందర్ తటపటాయిస్తుంటే సత్యవ్వ తనంతట తానే ఇరవై అడుగులు అవతలకు పోయి, మోదుగ చెట్టు పక్కన నిలబడింది. ఫోటో అయిపోగానే తిరిగొచ్చి గుంతలో దిగింది.

ఆ వారం రాజేందర్ పనిచోట నిలబడలేకపోయాడు, ఎక్కడికీ పోలేకపోయాడు. ఎటు తిరిగినా చూపు వరుస చివరికే పోయేది. సత్యవ్వ తొందరపడదు. గడ్డపార ఎత్తేటప్పుడు ఊపిరి పీలుస్తుంది, దించేటప్పుడు వదులుతుంది. పెళ్లలు విడిపించాక పార పట్టి, మట్టిని వాలు వైపు కట్టగా పోస్తుంది. కట్ట మీద పార వీపుతో తట్టి తట్టి వాన వచ్చినా కారిపోకుండా గట్టి చేస్తుంది. గుంత అంచులు నిలువుగా చెక్కుతుంది. మూలలకు వంగి చేత్తో మట్టి తోడేస్తుంది. చివర్లో కర్ర దింపి లోతు చూసుకుంటుంది. వేలెడు తక్కువైనా మళ్లీ దిగుతుంది. ఆమె ముందర మస్టర్ లేదు, కూలి లేదు, అడిగేవాడు లేడు. కొలత మాత్రం తప్పనివ్వదు.

గురువారం కొలతలు తీయడానికి టెక్నికల్ అసిస్టెంటు వచ్చాడు. టేపు పట్టుకొని వరుసంతా నడిచి, చివరి గుంతల దగ్గర ఆగి మెచ్చుకోలుగా తలాడించాడు.

"గివి ఎవరు తవ్విండ్రయ్యా? గీత గీసినట్టున్నయి. వీటితోని మీ అందరి కొలత పెరిగింది పో."

అతను వెళ్లాక పనిలో అందరికంటే పెద్దదైన లస్మవ్వ పార కింద పడేసింది. అరవై దాటిన మనిషి. రాజేందర్ దగ్గరికొచ్చి అడిగింది.

"కొలత పెరిగిందంటే ఏంది రాజేందరూ? సత్తెవ్వ తవ్విన మన్ను మా లెక్కల కలుస్తదా?"

దాచే దారి లేదు. "అంత కలిపి కొలుస్తరు అవ్వా. ఇరవై ముగ్గురికి పంచుతరు."

"అంటే ఆమె చెమటకు మాకు కూలి వస్తది."

గుంతలోంచి సత్యవ్వే తలెత్తి అంది: "నేను మీకోసం తవ్వుతలేను లస్మక్కా. మీరేం మనసుల వెట్టుకోకుండ్రి. నా కొట్లాట మీతోని గాదు."

ఆ పూట సద్దులు విప్పినప్పుడు కూలీల గుంపును చూసుకునే మేటు సరిత తన గిన్నె తెచ్చి సత్యవ్వ పక్కన కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. మామిడికాయ తొక్కు చేతులు మారింది. రాజేందర్ దూరంగా బండి మీద కూర్చొని ఫోన్ చూస్తున్నట్టు నటించాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక భార్య వనితకు చెప్పాడు. మొదట సత్యవ్వ సంగతి చెప్పాడు. తర్వాత, ఎవరికీ చెప్పనిది, నాలుగో కారణం సంగతి. వనిత బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"నువ్వు రాసినవా?"

"పైనుంచి ఒత్తిడి..."

"నిన్ను ఉద్యోగంల నుంచి తీసేసి రెండేండ్లు కూసోబెట్టిండ్రు. యాదికున్నదా? పని దొరుకుతలేదా అని ఊరంత అడిగితే ఊకున్నవు. పని జేసుడు ఇష్టం లేదా బావా అని మా తమ్ముడు ఒక్కనాడు అన్నడు. పళ్లెం ముంగట నుంచి లేచిపోయినవు. వారం రోజులు ఎవలతోని మాట్లాడలే."

వనిత మళ్లీ చాట అందుకుంది.

శుక్రవారం పొద్దున ఫోటోకు పిలిచినప్పుడు సత్యవ్వ ఎప్పటిలాగే తువ్వాల దులుపుకొని చెట్టు వైపు నడవబోయింది. లస్మవ్వ ఆమె రెక్క పట్టుకుంది.

"ఎటు పోతున్నవు? నిలవడు."

"నన్ను ఇడువు అక్కా. ఆ పిలగాన్కి తిప్పలైతది."

"అయితే కానియ్యి." లస్మవ్వ రాజేందర్ వైపు తిరిగింది. "ఆమె లేని ఫోటోల మేముండం. గైర్‌హాజరు ఏస్తవా, ఏసుకో. అందరికేసుకో."

"అవ్వా, తలలు ఎక్కువుంటే పైన పట్టుకుంటరు. నా మీదికి వస్తది."

సరిత మెల్లగా అంది: "పట్టుకోనీ అన్నా. పట్టుకుంటెనే గదా ఎవలన్న వచ్చి సూసేది."

ఇరవై మూడు మంది సత్యవ్వ చుట్టూ చేరి నిలబడ్డారు. ఆమె మధ్యలో, ఎక్కడ చూడాలో తెలియనట్టు గడ్డపార కొన వైపు చూస్తోంది. రాజేందర్ ఫోన్ ఎత్తాడు. తెరమీద ముఖాలు ఒకసారి చెదిరి మళ్లీ కుదురుకున్నాయి.

"చిన్నమ్మా," అన్నాడు. "ఇటు సూడు."

సత్యవ్వ చూసింది. అతను ఫోటో తీసి పంపాడు.

శనివారం తొమ్మిది కాకముందే మండలం నుంచి ఏపీవో మేడం జీపులో దిగింది. మండలంలో ఉపాధి పనులన్నిటికీ ఆమే అధికారి. చేతిలో ఫోటో ప్రింటు. గుంతల వెంబడి నడుస్తూ తలలు లెక్కపెట్టి సత్యవ్వ ముందు ఆగింది.

"నీ పేరు మస్టర్‌లో లేదు కదమ్మా. నిన్ను పనికి ఎవరు రమ్మన్నారు?"

"ఎవలు రమ్మనలే మేడం. నేనే అచ్చిన."

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇయ్యాలకు ఐదు."

"కూలి ఇస్తామని ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడం." సత్యవ్వ కొంగు ముడి విప్పి కాగితం తీసింది, విప్పి చూపింది. "గిది తప్పని జూపియ్యనీకి తవ్వుతున్న."

మేడం ఆ వరుస చదివి గుంత వైపు చూసింది. వంగి అంచు మీద చేయి వేసింది. అంచు వెంబడి వేళ్లతో తడిమి లేచింది.

"ఇల్లు చూడడానికి ఎవరొచ్చారు? ఇది ఎవరు రాశారు?"

సత్యవ్వ కళ్లు ఒక్క క్షణం రాజేందర్ మీద పడి వెంటనే మళ్లిపోయాయి. "నాకు ఎర్కలేదు మేడం. నేను ఊళ్లె లేను, బిడ్డ కాన్పుకు పోయిన. ఎవల పేరు జెప్పి ఏం ఫాయిద? నా పేరు ఎక్కితే చాలు."

ఆమెకు తెలుసని రాజేందర్‌కు అప్పుడు అర్థమైంది. సోమవారం ఆ కాగితం మీద వేలు పెట్టి అతని ముఖంలోకి చూసినప్పుడే తెలుసు. ఐదు రోజులు తెలిసే తవ్వింది. తెలిసే ఫోటోలకు పక్కకు తప్పుకుంది.

"నేనే రాసిన మేడం," అన్నాడు. "తాళముంటే రాసిన. ఈమెది ఒక్కటే గాదు. పంతొమ్మిది ఇండ్లు. ఎవ్వల్నీ అడగలే."

గుంతల్లో గడ్డపారలు ఆగిపోయాయి.

"ఏం చెప్తున్నావో తెలుస్తోందా? రాసిస్తే మెమో వస్తుంది. ఉద్యోగం ఉంటుందని నేను చెప్పలేను."

"రాసిస్త మేడం."

జీపు బానెట్ మీద కాగితం పెట్టుకొని రాశాడు. పంతొమ్మిది పేర్లూ జాబితా చూడకుండానే రాశాడు. మేడం దాన్ని చదివి మడిచింది.

"సత్యవ్వా, నీ పేరు ఇవాళే ఎక్కిస్తా. సోమవారం నుంచి మస్టర్‌లో ఉంటావు. మిగతావాళ్లవి విచారణ చేశాక చూద్దాం."

అందరూ సత్యవ్వ వైపు చూశారు. ఆమె నవ్వుతుందనుకున్నారు. ఆమె మాత్రం నుదురు తుడుచుకొని అడిగింది:

"విచారణ అంటే ఇల్లిల్లు తిరుగుడే గదా మేడం? రేపు ఐతారం. మేం తిరిగి రాసుకొస్తం. మీరు ఎక్కియ్యిండ్రి."

ఆదివారం రాజేందర్, సత్యవ్వ కలిసి పద్దెనిమిది ఇళ్లు తిరిగారు. ఐదు కుటుంబాలు నిజంగానే బతుకుదెరువుకు ముంబయి దగ్గరి భీవండి వెళ్లిపోయాయి. మిగతా పదమూడు ఇళ్లలో మనుషులున్నారు, పని కావాలన్నారు. ప్రతి గడపలోనూ రాజేందర్ ఒక్కటే మాట చెప్పాడు: "నేను తప్పు రాసిన." కొందరు పని కావాలని రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఎల్లవ్వ అనే ఆమె మాత్రం నోటికొచ్చినట్టు తిట్టింది. నెల కింద ఆమె పనికి వస్తే ఇతనే తిప్పి పంపాడు. ఆమె తిట్టడం ఆపేదాకా అరుగు మీద కూర్చున్న సత్యవ్వ రాజేందర్‌తో, "తిట్టనియ్యి, ఆమెకు ఆ హక్కున్నది," అంది. తర్వాత ఎల్లవ్వ చేతికి పెన్ను తనే అందించింది.

ఆదివారమైనా సాయంత్రానికి ఫోన్‌లో మెమో వచ్చింది. సోమవారం పదకొండింటికి జగిత్యాల జిల్లా ఆఫీసులో హాజరై సంజాయిషీ ఇవ్వాలి.

సోమవారం ఎనిమిదింటికి రాజేందర్ ఊరి బస్‌స్టాపుకు వచ్చేసరికి సత్యవ్వ అక్కడ నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో సంచి ఉంది.

"ఏంది చిన్నమ్మా? ఇయ్యాల మస్టర్ల నీ పేరు అచ్చింది. పొద్దున సూసిన. పోకపోతే గైర్‌హాజరు పడ్తది."

"పడనీ. సరితకు జెప్పిన."

"నువ్వెందుకు? తప్పు చేసింది నేను."

"చేసినవు. నాకు కోపం లేదనుకుంటున్నవా? శానా ఉన్నది." ఆమె బస్సు వచ్చే వైపే చూస్తోంది. "గానీ చేసిన అని పదిమందిల ఒప్పుకున్నోన్ని తీసేస్తే, రేపు ఇంకెవలు ఒప్పుకుంటరు? అందరు సర్వర్ మీదనే ఏస్తరు. గదో, బస్సు అచ్చింది. నడువు."

ఆమె ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది.

జగిత్యాలలో రెండు గంటలు వరండాలో కూర్చోబెట్టారు. లోపలికి పిలిచినప్పుడు అధికారి మెమో జవాబు చదివి, వెనకే నిలబడ్డ సత్యవ్వను చూసి ఎవరని అడిగాడు.

"గీయన తీసేసిన పేరు నాదే సార్."

"ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చావా?"

"ఇచ్చేదుంటే నాడే ఇద్దును. గీ పదమూడు సంతకాలు ఇయ్యనీకి అచ్చిన." సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న పొద్దంత తిరిగి తెచ్చిండు. గీయన్ని తీసేస్తే కొత్తాయన అస్తడు. ఆయనకు మా ఇండ్లు ఎర్కనా? గీయనకైతే ఎర్కైనయి. ఇంక మర్వడు."

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశాడు. కొన్నిటి మీద వేలిముద్రలు, కొన్నిటి మీద వంకర సంతకాలు. తర్వాత పెన్ను తీసి చాలాసేపు రాశాడు. రాజేందర్‌కు రాతపూర్వక హెచ్చరిక, ఒక నెల జీతం కోత. పదమూడు కార్డులూ వారంలోగా పునరుద్ధరించాలి. తాళం ఉన్న ఇంటి పేరు మళ్లీ వచ్చి చూడకుండా తీయకూడదు. చివరి వాక్యాన్ని సత్యవ్వ కోసం పైకి చదివి వినిపించాడు. ఆమె ఆ కాగితం అడిగి తీసుకొని, మళ్లీ తనే చదువుకొని, అప్పుడు దండం పెట్టింది.

తిరుగు ప్రయాణంలో బస్సు నిండా ఎండ. కిటికీ పక్క సీట్లో కూర్చున్న సత్యవ్వ జగిత్యాల దాటకముందే నిద్రలోకి జారిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒళ్లో రెండు చేతులూ వెల్లకిలా పడి ఉన్నాయి. అరచేతుల్లో బొబ్బలు చితికి, ఎండి, పైన కొత్త తోలు వస్తోంది. రాజేందర్ చాలాసేపు ఆ చేతుల వైపే చూశాడు. బస్సు మలుపు తిరిగినప్పుడు ఎండ ఆమె ముఖం మీదికి వచ్చింది. అతను తన ఫైలు తీసి కిటికీకి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. చేయి నొప్పి పుట్టినా దించలేదు.

ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆగింది. కండక్టరు తలుపు కొట్టాడు.

"దిగేటోళ్లెవలు? జల్ది దిగుండ్రి."

"ఒక్క నిమిషం ఆపు అన్నా," అన్నాడు రాజేందర్ లేవకుండానే. "మా చిన్నమ్మ పండుకున్నది."